ఎవరి మూట వాళ్లే కట్టుకోండి

మా వాళ్లు ఈ ఏడు కూడా ఉగాదికి ముందు శరావతి హిన్నీరుకు పోదామంటున్నారు. (హిన్నీరును అమ్మ ‘డ్యాం నీళ్లు’ అంటుంది. అదే సులువుగా ఉంది.) హొన్నేమరడులో కెనూలు తీసుకొని, దీవిలో ఒక రాత్రి గుడారాలు వేసుకొని, మర్నాడు తిరిగి రావాలని ఆలోచన. పోదాం, నాకూ ఇష్టమే. కానీ రెండేళ్ల కిందట పోయినట్టు మాత్రం పోవద్దు. వాట్సాప్ గ్రూపులో ఈ మాట అంటే “మళ్లీ మొదలుపెట్టింది” అంటారని ఇక్కడ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట పదకొండు మందిమి పోయినాం. సామాను కట్టింది నలుగురు: అమ్మ, పెద్దమ్మ, ఇద్దరు వదినలు. నీళ్ల మీద పోయింది ఏడుగురు: మగవాళ్లు, పిల్లలు, నేను. లెక్క కూడితే మీకే తెలుస్తుంది, కట్టినవాళ్లలో ఒక్కరూ పడవ ఎక్కలేదు. పొద్దున ఎనిమిదికి మమ్మల్ని సాగనంపి గట్టు మీద గెస్ట్ రూములో ఉండిపోయినారు. “నాకెందుకే ఇవన్నీ, గట్టున కూచోని మూటలు చూసుకుంటా” అని అమ్మ అంటే, నేనూ సరే అన్నాను. అది నా తప్పే.

దీవికి ఇంకా కొంత దూరం ఉండగా చిన్నాయన కెనూ ఒక మోడుకు తగిలి ఒరిగింది. ఇక్కడ మోళ్ల సంగతి చెప్పాలి. లింగనమక్కి ఆనకట్ట కట్టింది 1964లో. నిండు మట్టం 1,819 అడుగులు. వానలకు నిండిన నీళ్లు మార్చికల్లా బాగా దిగిపోతాయి. అప్పుడు మునిగిన అడవిలోని చెట్ల మోళ్లు కొన్ని పైకి కనిపిస్తాయి, కొన్ని నీటికి జానెడు కింద కనపడకుండా నిలబడి ఉంటాయి. నీళ్లు ఇంకా దిగిన ఏళ్లలో, లింగనమక్కి కంటే ముందు కట్టిన హిరేభాస్కర ఆనకట్ట కూడా బయటపడుతుంది. హొసపేట డ్యాం కింద మునిగిన ఊళ్ల కథలు వింటూ పెరిగిన మాకు ఆ మోళ్లను చూస్తే ఊరికే ఫొటో తీసి పోవడానికి మనసొప్పదు. అది వేరే కథ. వసంతంలో నీళ్లు అద్దంలా నెమ్మదిగా ఉంటాయి కాబట్టి ప్రమాదం లేదనుకోవడం తప్పు అని చెప్పడానికే ఇదంతా రాసినాను.

కెనూ ఒరిగితే చిన్నాయన, ఆయన మనవడు, తొమ్మిదేళ్ల పిల్లోడు, ఇద్దరూ నీళ్లలో పడినారు. చిన్నాయన లైఫ్ జాకెట్ వేసుకోలేదు, దాని మీద కూచున్నాడు. పిల్లోడిది పెద్దవాళ్ల సైజు. వాడు నీళ్లలో పడగానే జాకెట్ చెవుల దాకా లేచింది, వాడు లోపల కిందికి జారినాడు. పక్క కెనూలో మా అన్న ఉన్నాడు కాబట్టి జుట్టు పట్టి లాగినాడు. అంతా ఒక నిమిషం లోపలే. దీవికి చేరినాం, నవ్వుకున్నాం కూడా. అరగంట తర్వాత పిల్లోడికి దగ్గు మొదలైంది. వాడికి ఉబ్బసం ఉంది. ఇన్‌హేలర్ ఏదీ అని అడిగితే, ఏడుగురిలో ఒక్కరికీ తెలీదు.

నాలుగు మూటలు విప్పినాం. ఒకదాంట్లో చపాతీలు, ఒకదాంట్లో అందరి తువ్వాళ్లు, ఒకదాంట్లో చింతపండు గొజ్జు దుప్పట్లకంతా అంటుకోని ఉంది. ఫోను సిగ్నలు లేదు. చివరికి అన్న, నేను పిల్లోణ్ణి మధ్యలో కూచోబెట్టుకొని ఎదురుగాలిలో నలభై నిమిషాలు తెడ్డు వేసి గట్టుకు తెచ్చినాం. వదిన మమ్మల్ని చూసిన వెంటనే లేచి, “నీలం సంచిలో, పౌడరు డబ్బా పక్కన” అనింది. నీలం సంచి దీవిలోనే ఉండిపోయింది. అదృష్టం కొద్దీ ఆమె హ్యాండ్‌బ్యాగులో ఇంకొకటి ఉంది.

నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. మా పనిలో ‘నేను సరిగ్గానే చేసినా’ అన్న మాటకు విలువ లేదు, వేరేవాళ్లు తిప్పి చూసి, పగలగొట్టి చూసి, అప్పుడు ఒప్పుకోవాలి. ఆ రోజు మా ఇంట్లో జరిగింది ఇంకా విచిత్రం. కట్టినవాళ్లకు వాడేది ఎక్కడో తెలీదు, వాడేవాళ్లకు కట్టింది ఎట్లో తెలీదు. తప్పు వదినది కాదు. ఆమె మందును మరిచిపోలేదు, చక్కగా సర్దింది. పడవ ఎక్కనివ్వనిది, ఎక్కమని అడగనిది మనం.

అందుకే నా మొదటి షరతు: ఎవరి మూట వాళ్లే కట్టుకోవాలి, ఎవరి మూట వాళ్ల కెనూలోనే ఉండాలి. పిల్లల మూట పిల్లలే అమ్మానాన్నల ముందర కట్టాలి. ఇన్‌హేలర్ అసలు మూటలోకే పోకూడదు, జాకెట్ జేబులో, చిన్న జిప్ కవరులో ఉండాలి. ఇంకొకటి వేరే కెనూలో. “అందరి తువ్వాళ్లు ఒకే సంచిలో” అనే మన పెళ్లిళ్ల పద్ధతి బస్సుకు సరే, నీళ్ల మీద పనికిరాదు. ఒక్క కెనూ తిరగబడితే పదకొండు మందీ తడి ఒళ్లతో కూచోవాలి.

రెండోది జాకెట్. అది ఇచ్చినవాళ్ల బాధ్యత అని మా బావ వాదిస్తాడు. కాదనను, పోయినసారి మాకిచ్చినవాటిలో రెండింటికి బకిల్ విరిగి ఉంది, అడిగితే తాడు ఇచ్చినారు. కానీ వేసుకునేది మన పిల్లోడు కదా! చూసుకోవడానికి ఒక్క నిమిషం చాలు. జాకెట్ తొడిగి, పట్టీలన్నీ బిగించి, చేతులు పైకెత్తమని, ఎవరైనా భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగాలి. గడ్డం దాటి ముఖం మీదికి వస్తే అది వాడి సైజు కాదు. ఈత వచ్చినవాళ్లకు 50 న్యూటన్ల తేలే శక్తి ఉన్న జాకెట్ సరిపోతుంది, రానివాళ్లకు 100 న్యూటన్లది కావాలి. లోపల లేబుల్ మీద రాసి ఉంటుంది, చదవండి. చిన్నాయన, నీకు బావిలో ఈత వచ్చు, నిజమే. తలకు మోడు తగిలినవాడికి ఈత గుర్తుండదు.

ఇక సామాను. మనం పుట్టిలో పోయే జనం. ఆనెగొందిలో తాత పుట్టి మీద తుంగభద్ర దాటి సంతకు పోయేవాడు. పదహారో శతాబ్దంలో విజయనగరం చూసిన పోర్చుగీసు పాయెస్ కూడా అక్కడ బుట్టలాంటి గుండ్రటి పడవల్లో మనుషుల్నీ పశువుల్నీ దాటించడం గురించి రాసినాడు. పుట్టి వెడల్పుగా ఉంటుంది, అందరూ చుట్టూ సమంగా కూచుంటే చాలు. కెనూ సన్నంగా ఉంటుంది, అది బరువును ఊరికే వదలదు. బరువైనవి అడుగున, మధ్యలో పెట్టాలి. తేలికవి పైన, కానీ అంచు కంటే ఎత్తు కాకుండా. ఎక్కినాక పక్కనుంచి చూస్తే నీటికీ అంచుకూ మధ్య జానెడు ఖాళీ కనపడాలి. లేకపోతే ఏదో ఒకటి గట్టున వదిలేయాలి. పోయినసారి మేం పప్పు కుక్కరు, పిండి డబ్బా, రెండు దిండ్లు వదలలేక అంచు నీళ్లకు నాలుగు వేళ్ల ఎత్తులో పెట్టుకొని పోయినాం.

తడవకుండా ఉండాలంటే డ్రై బ్యాగే కొనక్కర్లేదు. మందమైన ప్లాస్టిక్ కవరు లోపల, గోనె సంచి బయట, మూతి మెలిపెట్టి మడిచి కట్టినా పని జరుగుతుంది. డ్రై బ్యాగ్ కొంటే నిండా కుక్కొద్దు, పైన పావు వంతు వదిలి, గాలి పిండేసి, మూతిని కనీసం మూడు చుట్లు చుట్టి బకిల్ వేయండి. ఏది వాడినా ఇంట్లో బకెట్లో పది నిమిషాలు ముంచి చూడండి, లోపల ఒక న్యూస్‌పేపరు పెట్టి. పేపరు తడిస్తే ఇంట్లోనే తెలిసిపోతుంది.

నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు లెక్కేయండి, వంటకు కలిపి. లీటరుకు కిలో బరువు. అందుకే తిండి బరువు తగ్గించక తప్పదు. ఈ విషయంలో బళ్లారివాళ్లం పుణ్యం చేసుకున్నాం. బొరుగులు బరువుండవు, నానబెట్టి పిండితే ఉగ్గాణి అయిపోతుంది, అన్నం వండినంత గ్యాసు అక్కర్లేదు. ఎండు జొన్నరొట్టె, శెనగపొడి మూడు రోజులైనా చెడవు. పులిహోర గొజ్జు మాత్రం మర మూత స్టీలు డబ్బాలో, పైన కవరు కట్టి. మార్చిలో అడవి నేలంతా ఎండాకులు, కట్టెల పొయ్యి పెట్టొద్దు, చిన్న గ్యాస్ స్టవ్ తీసుకుపోదాం. దీవిలో రాత్రి ఉండడానికి అనుమతి కూడా ముందే అడగాలి, అక్కడికి పోయాక బతిమాలడం కాదు. మధ్యాహ్నం గాలి లేస్తుంది కాబట్టి రెండు వైపుల ప్రయాణమూ పదకొండు లోపల అయిపోవాలి.

అమ్మ సంగతి చివరికి పెట్టినాను. పోయినసారి సామాను లిస్టు రాసింది నేనే, ఫోన్లో. మాటలు తెలుగువే, లిపి కన్నడ. నేను బడిలో నేర్చింది అదే. అమ్మ గుంతకల్లు నుంచి కోడలిగా వచ్చింది, ముప్పై ఎనిమిదేళ్లుగా బళ్లారిలో ఉన్నా కన్నడ బస్సు బోర్డుల వరకే చదువుతుంది. గ్రూపులో ఆ లిస్టు పెట్టి “అందరూ చూసుకోండి” అన్నాను. అమ్మ చూసుకుంది, చదవలేదు, ఎవరినీ అడగలేదు. ఏం కట్టాలో వదిన చెప్తుంటే కట్టింది. తానూ రావొచ్చని ఆ లిస్టులో మొదటి లైనులోనే రాసి ఉందని ఆమెకు తెలీదు.

ఈసారి తెలుగులో, కాగితం మీద రాసినాను. రెండు గంటలు పట్టింది, ఒత్తులు మూడు చోట్ల అమ్మే దిద్దింది. ఈత రాదని భయపడింది. జాకెట్ వేసుకొని నడుం లోతు నీళ్లలో ముందు పావుగంట తేలి చూద్దామని, నచ్చకపోతే గట్టునే ఉండమని చెప్పినాను. తెడ్డు పట్టుకోవడం నేర్పాలా అంటే నవ్వింది, “నలభై ఏళ్లుగా సంగటి కెలుకుతున్నా” అని. పెద్దమ్మ ఇంకా ఒప్పుకోలేదు, మోకాళ్లు అంటోంది. అది నిజమైన కారణమే, బలవంతం చేయను. ఆమె గట్టున ఉంటే ఆమెతో ఒక మగవాడు ఉండాలి. ఎవరని అడిగితే గ్రూపులో రెండు రోజులుగా ఎవరూ మాట్లాడటంలేదు.

అమ్మ తన సంచి నిన్న సర్దేసింది. ఫోటో పంపింది. లిస్టులో లేనిది ఒకటే ఉంది, ఆవకాయ, గాజు సీసాలో. గుడారం దగ్గర పిల్లలు వట్టి కాళ్లతో తిరుగుతారని చెప్పి స్టీలు డబ్బాలోకి మార్పించినాను.