ఖాతా ఆమెది, సందేశం ఎవరి నుడిలో?

స్త్రీ పేర బ్యాంకు ఖాతా తెరిచినంత మాత్రాన డబ్బుపై ఆమెకు అధికారం వచ్చినట్లు కాదు. ఆ ఖాతాలో ఏం పడిందో, ఏం పోయిందో తనకు అర్థమయ్యే నుడిలో తెలిసినప్పుడే ఆ అధికారం నిజమవుతుంది. ఆర్థిక సేవల విస్తరణ గురించి మాట్లాడేవారు భాషను ఒక చిన్న వసతిగా లెక్కిస్తారు. షోలాపూర్ నేతపేటల్లోని మన ఆడపడుచుల కాగితాలు చూస్తున్నకొద్దీ, భాష వసతి కాదనీ, హక్కుకు వాకిలి అనీ నాకు రూఢి అవుతున్నది.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి మగ్గాన్ని నమ్ముకొని వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఆ నగరపు తూర్పు భాగాన్ని తెలుగు పేటలుగా మార్చాయి. పురుషులు మరమగ్గాలపై దుప్పట్లు, తువ్వాళ్లు నేశారు. స్త్రీలు గడపలో కూర్చొని తునికాకుతో బీడీలు చుట్టారు. మగ్గం ఆగిన నెలల్లో పొయ్యి వెలిగించింది ఆ బీడీ కూలే. కుంభారి వద్ద గోదుతాయి పరుళేకర్ పేరిట సహకార పద్ధతిలో నిర్మించిన, 2006లో కార్మికులకు అందిన పదివేల ఇళ్లు బీడీ కార్మిక స్త్రీల సంఘటిత శక్తికి సాక్ష్యం. వీరు అసహాయులు కారు. వీరి చేతికి అందిన పరికరం మాత్రం వీరి నుడి ఎరుగనిది.

తరతరాలుగా బీడీ కూలి నగదుగా స్త్రీ చేతికే వచ్చేది. ఎంత తక్కువైనా దానిని కొంగున ముడివేసుకొనేది ఆమె. 1936 నాటి వేతన చెల్లింపు చట్టం ప్రకారం కూలిని బ్యాంకులో వేయాలంటే కార్మికుని రాతపూర్వక అనుమతి కావలసి ఉండేది. నోట్ల రద్దు జరిగిన 2016లోనే, డిసెంబరు చివర వచ్చిన ఆర్డినెన్సు, దాని వెంట 2017లో వచ్చిన సవరణ చట్టం ఆ అనుమతి అక్కరను తొలగించాయి. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతన స్మృతి కూడా బ్యాంకు చెల్లింపును, ఎలక్ట్రానిక్ చెల్లింపును అంగీకరిస్తున్నది. నేను ఈ పద్ధతికి వ్యతిరేకిని కాను. కూలి ఎంత ఇచ్చారన్నదానికి రుజువు మిగులుతుంది, యజమాని కాదనలేడు. అయితే ఆమె అనుమతి అడగనవసరం లేదన్న చట్టం, ఆమె భాష ఏదో అడగాలని ఎక్కడా చెప్పలేదు. రుజువు ఆంగ్లంలో సంక్షిప్త సందేశమై వస్తుంది. అది వచ్చే ఫోను తరచుగా భర్త దగ్గరో, కొడుకు జేబులోనో ఉంటుంది. కొంగుముడి విప్పడానికి ఆమెను అడగాలి. రహస్య సంఖ్య తెలిసినవాడికి ఎవరినీ అడిగే పని లేదు.

మహారాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రారంభించిన ‘మాఝీ లాడకీ బహీణ్’ పథకాన్ని చూడండి. అర్హులైన 21 నుంచి 65 ఏళ్ల స్త్రీలకు నెలకు 1,500 రూపాయల చొప్పున ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోకి చేర్చడం దాని ఉద్దేశం. ఇతర రాష్ట్రాలలో పుట్టి మహారాష్ట్ర వాసిని పెళ్లాడిన స్త్రీ, నివాస రుజువుగా భర్త పత్రాలు చూపవచ్చునని నిబంధన కూడా పెట్టారు. తెలంగాణ నుంచి కోడలిగా వెళ్లిన మన పిల్లలకు ఇది మేలైన ఏర్పాటే. కాని 2025 సెప్టెంబరులో ఈ-కేవైసీని తప్పనిసరి చేసినప్పుడు అసలు చిక్కు బయటపడింది. మన ఆచారంలో ఇంటిపేరు ముందు వస్తుంది. మరాఠీ ఆచారంలో తన పేరు, భర్త పేరు, చివర ఇంటిపేరు. పుట్టింట తీసుకున్న ఆధార్ ఒక వరుసలో, అత్తింటి రేషన్ కార్డు మరొక వరుసలో, బ్యాంకు పుస్తకం మూడో వరుసలో ఉంటే, ఒకే మనిషి యంత్రానికి ముగ్గురుగా కనిపిస్తుంది. తెలుగు నుంచి మరాఠీకి, మరాఠీ నుంచి ఆంగ్లానికి మారేసరికి అక్షరాలూ మారతాయి. భవిష్యనిధిలో దాచుకున్న సొమ్ము తీసుకొనే వేళ కూడా ఇదే అడ్డంకి. ఈ తప్పు ఆమెది కాదు, కాని దిద్దుబాటు కోసం ఒక రోజు కూలి పోగొట్టుకొని వరుసలో నిలబడేది ఆమె.

‘మరాఠీ నేర్చుకోవచ్చు కదా’ అని కొందరంటారు. మన స్త్రీలకు బజారు మరాఠీ బాగానే వచ్చు. కొత్త తరానికి తెలుగు అక్షరాల కంటె మరాఠీ అక్షరాలే ఎక్కువ పరిచయం. అందుకే తెలుగు లిపిలో కరపత్రాలు వేసి చేతులు దులుపుకొంటే చాలదని మన ఉద్యమానికి కూడా చెబుతున్నాను. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఏ లిపీ చదవలేని పెద్దావిడకు కావలసింది చెవికి వినిపించే తెలుగు. ఇది మరాఠీతో తగాదా కానే కాదు. ఆంగ్ల సందేశం చదవలేని మరాఠీ, కన్నడ సోదరీమణులది కూడా ఇదే కష్టం.

చట్టం ఏమంటున్నది? రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, ఏ వ్యక్తి అయినా తన కష్టాన్ని కేంద్ర, రాష్ట్ర అధికారులకు దేశంలో లేదా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకోవచ్చు. కనుక పథకం అధికారికి తెలుగులో అర్జీ ఇవ్వడం ఆమె హక్కు. అదే భాషలో జవాబు ఇవ్వాలని మాత్రం ఆ అధికరణం చెప్పదు. లోటు అక్కడే ఉంది. ఇక 2017 జూలై 6 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, బయటివారి మోసం వల్ల, ఖాతాదారు తప్పు లేకుండా డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పని దినాలలో ఫిర్యాదు చేసినవారు నష్టం భరించనక్కరలేదు. ఆ మూడు దినాల లెక్క సందేశం అందడంతో మొదలవుతుంది. చదవలేని సందేశాన్ని ‘అందిన సమాచారం’ అనడం ఏ న్యాయం?

2011లో మన దేశంలో ఖాతా ఉన్న పురుషులు 44 శాతం, స్త్రీలు 26 శాతమని ప్రపంచ బ్యాంకు లెక్క. 2014లో జనధన పథకం వచ్చింది. 2021 నాటికి ఆ అంతరం దాదాపు చెరిగిపోయింది. కాని అదే 2021 లెక్కలో దేశంలోని ఖాతాలలో మూడోవంతుకు పైగా ఏడాది పొడవునా కదలలేదు. ఉత్తర మధ్యప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలిని స్త్రీల సొంత ఖాతాలలో వేయడంతో పాటు, ఆ ఖాతాను ఎలా వాడాలో కూడా నేర్పిన చోట స్త్రీలు పనిలోకి రావడం పెరిగిందని 2021లో వెలువడిన పరిశోధన చూపింది. వట్టి ఖాతా చాలదు, నేర్పు కావాలి. ఆ నేర్పు ఏ నుడిలో అన్నదే మన ప్రశ్న.

మనం అడగవలసినవి కొన్నే. ఖాతా తెరిచేనాడే ఖాతాదారు మాట్లాడే భాషను నమోదు చేయాలి. జమ, ఖర్చుల సమాచారం కోరినవారికి ఆ భాషలో గొంతుతో వినిపించాలి. పేటలలో వేలిముద్రతో డబ్బు ఇచ్చే బ్యాంకు ప్రతినిధులుగా తెలుగు వచ్చిన స్త్రీలను నియమించి, ప్రతిసారీ రసీదు ఇప్పించాలి. ఆ ప్రతినిధి తప్పుకు బ్యాంకే బాధ్యత వహించవలసి ఉంటుందన్న సంగతి గోడపై మూడు భాషలలో రాయాలి. పేర్ల తేడాలు దిద్దడానికి పేటలలోనే, బీడీల పని దెబ్బతినని వేళల్లో శిబిరాలు పెట్టాలి. భాషా మైనారిటీలు 15 శాతం ఉన్న చోట ముఖ్య ప్రకటనలు వారి భాషలోనూ వెలువరించాలన్న పాత రక్షణను నగరం మొత్తం లెక్కతో తోసిపుచ్చకుండా, పేటల వారీగా పాటించాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఊరక కూర్చోనక్కరలేదు. బ్యాంకుపై ఫిర్యాదుకు రిజర్వు బ్యాంకు సహాయ సంఖ్య 14448 తెలుగులోనూ పలుకుతుంది. సైబర్ మోసం జరిగిన వెంటనే 1930కి చెప్పాలి. ఈ రెండు సంఖ్యలు ప్రతి ఇంటి గోడపై ఉండాలి. చదువుకున్న కొడుకులకూ కూతుళ్లకూ ఒక మాట: అమ్మ ఫోనును మీరు నడిపి పెట్టడం సాయం కాదు, ఆమె నడుపుకొనేలా నేర్పడం సాయం. రోజుకు వేయి బీడీలు లెక్క తప్పక చుట్టగల చేతులకు నాలుగంకెల సంఖ్య బరువు కాదు. అది ఆమె దగ్గరే ఉండనివ్వండి.