పేరు కుట్టని బొంత

తెలుగులో దేన్నైనా తీసిపారేయాలంటే చేతికి దొరికే మాట ఒకటుంది: అతుకుల బొంత. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే అతుకుల బొంత. సెకండాఫ్ తేలిపోయిన సినిమా అతుకుల బొంత. వానలు వెలిశాక గుంతలు పూడ్చిన రోడ్డూ అదే. ఆ మాట విసిరేవాళ్లలో చాలామంది పసితనంలో పడుకున్నది మాత్రం దాని మీదే. అమ్మమ్మో నాయనమ్మో పాత నేతచీరలు పొరలు పొరలుగా పరిచి, అంచులు మడిచి, దబ్బనంతో వరస తప్పకుండా కుట్టిన బొంత మీద.

అదే బొంత చుట్టూ అమెరికాలో ఒక ఊరు బతుకుతోంది. మిస్సోరీ రాష్ట్రంలోని హామిల్టన్ జనాభా సుమారు 1,700. మన లెక్కలో చిన్న పంచాయతీ. ప్రఖ్యాత వ్యాపారి జె.సి. పెన్నీ 1875లో పుట్టిన చోటన్న పాత గొప్ప తప్ప దానికి పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. 2008 మాంద్యంలో అక్కడుంటున్న జెన్నీ డోన్ దంపతుల పొదుపు సొమ్ము కరిగిపోయింది. అప్పటికే ఆమెకు క్విల్టులు, అంటే అక్కడి బొంతలు, కుట్టే పిచ్చి. పై గుడ్డ, మధ్య దూది, అడుగు గుడ్డ కలిపి కుట్టే పెద్ద మెషిన్ దగ్గర తన క్విల్ట్ వంతు కోసం నెలల తరబడి ఎదురుచూస్తోంది. ఇంత గిరాకీ ఉన్న పని మనమే ఎందుకు చేయకూడదని కొడుకు అలన్, కూతురు సారా ఊళ్లోనే ఓ భవనం కొని, ఒక మెషిన్ తెచ్చి తల్లికి అప్పగించారు. మిస్సోరీ స్టార్ క్విల్ట్ కంపెనీ అలా మొదలైంది.

మొదట్లో దుకాణానికి జనం రాలేదు. ఆ పల్లెటూరికి ఎవరొస్తారు? జెన్నీ యూట్యూబ్‌లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాకే కథ తిరిగింది. ఆమె చెప్పే తీరు టీచరమ్మలా ఉండదు, పక్కింటి పిన్ని పచ్చడి కలుపుతూ కబుర్లు చెప్పినట్టుంటుంది. 2015లో అమెరికా ప్రభుత్వ చిన్న వ్యాపారాల సంస్థ అలన్, సారా, వారి భాగస్వామి డేవిడ్ మిఫ్సుడ్‌లకు ఆ ఏటి జాతీయ పురస్కారం ఇచ్చింది. ఇవాళ హామిల్టన్ వీధిలో ఆ సంస్థవే ఎన్నో దుకాణాలు. పూల గుడ్డలకొకటి, బాతిక్ గుడ్డలకొకటి, పండగ గుడ్డలకొకటి. భార్యలు గుడ్డ ఎంచుకునేలోగా భర్తలు కూర్చోవడానికి కూడా ఒక చోటు పెట్టారు. మన చీరల షాపుల్లో గోడవారగా వేసే కుర్చీలకు అది అన్నగారు.

ఆమె పాఠాల్లో బాగా పేరుపడ్డ పద్ధతుల్లో ఒకటి చూడండి. తొమ్మిది చదరపు ముక్కల్ని మూడు వరసలుగా కలిపి కుడతారు. కుట్టాక, ఇంత కష్టపడి కలిపినదాన్ని, నిలువునా అడ్డంగా నడిమికి కోసేస్తారు. వచ్చిన నాలుగు ముక్కల్లో కొన్నింటిని తిప్పి మళ్లీ కలుపుతారు. తొమ్మిది గళ్ల పటం మాయమై, చిన్నా పెద్దా గళ్లు అల్లుకుపోయిన కొత్త పటం వస్తుంది. చూసేవాళ్లు ఎన్నో గంటల పని అనుకుంటారు. వెనకున్నది ఒక కోత, ఒక తిప్పు. ముగ్గులో చుక్కలు తెలిసిన తెలుగింటి ఆడపిల్లకు ఈ లెక్క అందడానికి నిమిషం చాలు.

గమనించాల్సిన సంగతి ఇంకొకటుంది. ఈ దుకాణాలు బతికేది తయారైన బొంతలు అమ్మి కాదు. వాటి వ్యాపారమంతా గుడ్డ, దారం, నమూనా, నేర్పు. యజమాని కుట్టిన క్విల్ట్ గోడకు వేలాడుతుంది. వచ్చినవాళ్లు అది చూసి, అలాంటిది తామూ కుట్టుకోవడానికి ముక్కల కట్ట కొనుక్కెళతారు. రెండున్నర అంగుళాల పట్టీలు నలభై చుట్టగా చుడితే దాని పేరు జెల్లీ రోల్. పది అంగుళాల చదరాల దొంతర లేయర్ కేక్. పేర్లు వింటే మిఠాయి కొట్టు గుర్తొస్తుంది. కొత్త గుడ్డ కొని, ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్లీ డబ్బిచ్చి కొని అతకడమేమిటని మన అమ్మమ్మలు బుగ్గలు నొక్కుకుంటారు. ఆ ఆశ్చర్యంలో న్యాయముంది. బొంత పుట్టిందే పారేయడానికి చేతులు రాని గుడ్డల్లోంచి. అయినా హామిల్టన్ మోజును వెక్కిరించి ఊరుకుంటే అసలు విషయం చేజారుతుంది. నేర్పు సరుకైన చోటే దుకాణం నిలబడింది. 1943లో క్లీవ్‌లాండ్‌లో మొదలై దేశమంతా సుమారు 800 శాఖలకు పెరిగిన జోయాన్ అనే బట్టల గొలుసు సంస్థ, ఏడాది తేడాలో రెండుసార్లు దివాలా పిటిషన్ వేసి 2025లో పూర్తిగా మూతబడింది. దానికి అప్పులతో సహా చాలా కారణాలున్నాయి. గుడ్డ గుట్టలు మాత్రం దాన్ని కాపాడలేకపోయాయి.

టెక్సాస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో ఇంకో దుకాణదారు కథ ఉంది, కేరీ బ్రెజెన్‌హాన్‌ది. 1974లో పాత వస్తువుల కొట్టు తెరిచి, గోడలు బోసిగా ఉన్నాయని క్విల్టులు వేలాడదీసింది. వచ్చినవాళ్ల చూపు బల్లల మీద కాకుండా గోడల మీద నిలిచింది. కొట్టు క్విల్టుల కొట్టయింది. తన ఖాతాదార్ల కోసం ఆమె మొదలుపెట్టిన చిన్న ప్రదర్శనే ఇవాళ హ్యూస్టన్‌లో ఏటా జరిగే అంతర్జాతీయ క్విల్ట్ ఉత్సవం. వేలాది మంది వస్తారు. ఆ నగరంలో ఉంటున్న తెలుగువాళ్లు ఒక్కసారైనా చూసి రాదగ్గ జాతర.

ఆమె చేసినవాటిలో ఉత్సవం కన్నా పెద్ద పని మరొకటి. టెక్సాస్‌లో ఊరూరా జనాన్ని తమ ఇళ్లలోని పాత క్విల్టులు పట్టుకురమ్మని పిలిచి, ఒక్కోదాన్నీ ఫోటో తీయించి, ఎవరు కుట్టారు, ఎప్పుడు, ఏ ఇంట్లో అని రాయించిన ఉద్యమంలో ఆమెది ముందు చేయి. నాన్సీ ఓబ్రయాంట్ ప్యూయెంటెస్‌తో కలిసి 1836 నుంచి 2011 దాకా టెక్సాస్ క్విల్టుల చరిత్రను మూడు సంపుటాలుగా తెచ్చింది. 2011లో ఇద్దరూ కలిసి లా గ్రేంజ్ పట్టణంలో టెక్సాస్ క్విల్ట్ మ్యూజియం పెట్టారు. విశ్వవిద్యాలయం పూనుకోలేదు, ప్రభుత్వం జీవో ఇవ్వలేదు. కొట్టు నడిపే మనిషికి తన సరుకు మీదున్న గౌరవం ఆ పని చేయించింది.

ఎవరు కుట్టారన్న ఆ ప్రశ్న చిన్నది కాదు. జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన హ్యారియెట్ పవర్స్ 1886లో ఏథెన్స్ పట్టణం పత్తి సంతలో ఒక క్విల్ట్ పెట్టింది. బైబిలు కథల్ని పదకొండు గళ్లలో గుడ్డ బొమ్మలుగా కుట్టిన పనది. జెన్నీ స్మిత్ అనే చిత్రకళ టీచరు కొంటానంటే ఇవ్వనంది. ఇల్లు గడవని రోజులొచ్చి 1891లో పది డాలర్లు అడిగి అయిదు డాలర్లకు ఇచ్చేసింది. ఇచ్చాక కూడా బిడ్డను చూసుకోవడానికొచ్చినట్టు వచ్చి చూసి వెళ్లేది. ఏ గడిలో ఏ కథ ఉందో ఆమె చెబుతుంటే స్మిత్ రాసిపెట్టింది. ఆ క్విల్ట్ ఇప్పుడు స్మిత్‌సోనియన్‌లో ఉంది, పవర్స్ పేరుతో ఉంది. ఆ కాగితమే లేకపోతే అందులో సగం కథ ఎవరికీ తెలిసేది కాదు.

అలబామాలో ఏటి వంపున ఉన్న జీస్ బెండ్ అనే నల్లజాతి పల్లె కథ ఇంకాస్త చేదు. అక్కడి ఆడవాళ్లు పొలంలో అరిగిన పనిబట్టల్నీ, సియర్స్ కంపెనీకి దిండు గలీబులు కుట్టివ్వగా మిగిలిన కార్డురాయ్ ముక్కల్నీ కలిపి కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ కళా మ్యూజియం గోడలెక్కాయి. తర్వాత న్యూయార్క్‌లో విమర్శకులు వాటిని ఆధునిక చిత్రకళ పక్కన నిలబెట్టారు. 2006లో తపాలా బిళ్లల మీదికొచ్చాయి. మరుసటేడే, తమ పనితో వచ్చిన డబ్బులో తమకు దక్కాల్సింది దక్కలేదని కొందరు క్విల్టర్లు కోర్టుకెక్కారు. 2008లో రాజీ కుదిరింది. పేరొచ్చినంత మాత్రాన పైసా రాదు, నిజమే. కానీ పేరే లేకపోతే కోర్టుకెళ్లే దారి కూడా ఉండేది కాదు.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. కోరమండల్ తీరంలో, మచిలీపట్నం చుట్టుపక్కల రంగులద్దిన పలంపోర్లు, అంటే జీవవృక్షాలూ పిట్టలూ ఉన్న పెద్ద పక్కదుప్పట్లు, 17, 18 శతాబ్దాల్లో ఓడలెక్కి ఐరోపాకు, అక్కణ్ణుంచి అమెరికాకు చేరాయి. వాటి ధాటికి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1700, 1721 చట్టాలతో అద్దకం గుడ్డల మీద ఆంక్షలు పెట్టాయి. దొరికిన చీటీగుడ్డ వృథా కాకూడదని అక్కడి స్త్రీలు అందులోని పువ్వుల్నీ పిట్టల్నీ విడివిడిగా కత్తిరించి తెల్లగుడ్డ మీద కుట్టుకున్నారు. ఆ క్విల్టులు ఇవాళ మ్యూజియాల అద్దాల వెనక ఉన్నాయి. చాలావాటికి కుట్టిన ఇంటి పేరు తెలుసు. పువ్వు అద్దిన మన చేయి ఎవరిదో తెలియదు.

ఈ పేరులేనితనం పాతరోజులతో పోయిందనుకుంటే పొరపాటు. పోచంపల్లి, గద్వాల, ఉప్పాడ, వెంకటగిరి చీరలన్నిటికీ ఊరి పేరే ఇంటిపేరు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అదే చీర పదేళ్లు కట్టి, నలిగి, మెత్తబడి, ఎవరో ఒకామె చేతిలో బొంతగా మారిన రోజున ఊరూ పేరూ రెండూ పోతాయి. సంస్కృతంలో కంథ అంటే మన బొంతే. బెంగాలీలు ఆ మాటనే కాంథా అని పట్టుకుని, పాతచీరల మీది పరుగుకుట్టుకు ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు. పక్కనున్న కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్ధీ స్త్రీలు తమ బొంతలకు, అంటే కవుదిలకు, మూలల్లో రంగు ముక్కలు మడతలు పెట్టి పువ్వుల్లా కుడతారు. ఆ పువ్వులు లేకపోతే బొంత బట్టల్లేకుండా ఉన్నట్టేనంటారు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ డ్రూవల్ వాళ్లతో కలిసి పనిచేసి, ఆ కవుదిలను కుట్టినవాళ్ల పేర్లతో సహా బయటి ప్రపంచానికి చూపించాడు. మన జిల్లాల్లో బొంతల మీద అలాంటి పని ఎవరు చేస్తారు? పంచెల పొరలెన్ని, కుట్టు ఏ దూరంలో, అంచుకు ఏ రంగు అన్నది ఇంటింటికీ మారే తీరును ఎవరు రాస్తారు?

ఆలస్యమైతే రాయడానికి మిగిలేదీ తక్కువే. బొంతకు ముడిసరుకు నూలు చీర. బీరువాలో ఇవాళ ఉన్నవి ఎక్కువగా సింథటిక్ చీరలు. అవి పొరలుగా పరిస్తే జారిపోతాయి, చెమట పీల్చవు, వేసవిలో ఒంటికి అంటుకుంటాయి. వీధిలో బొంతలు కుడతామంటూ వచ్చే కేక చాలాచోట్ల వినిపించడం లేదు. పానిపట్టు నుంచి వచ్చే మెషిన్ దుప్పటి ధర ముందు రోజుల తరబడి చేసే చేతికుట్టు నిలవదు. అందుకే ప్రతి పల్లెలో ఒక హామిల్టన్ వెలుస్తుందని, బొంతలు కుట్టి లక్షలు గడించమని ఆడవాళ్లకు చెప్పడం మోసం. ఇప్పటికే స్వయం సహాయక సంఘాల శిక్షణల్లో ఎన్నో ఆశలు చూపించారు, ఇంకొకటి అక్కర్లేదు.

చేయగలిగింది వేరే ఉంది, ఖర్చూ తక్కువే. టెక్సాస్ పద్ధతి మనకు అరువు తెచ్చుకోదగ్గది. ఒక ఆదివారం మండల కేంద్రంలో బడి వరండా చాలు. ఇంట్లో ఉన్న పాత బొంత పట్టుకురమ్మని చాటింపు వేసి, ఫోటో తీసి, కుట్టినామె పేరూ ఊరూ రాసుకుంటే ఒక జిల్లా చరిత్ర మొదలవుతుంది. చేనేత శాఖలు, డిగ్రీ కళాశాలల చరిత్ర విభాగాలు, పుస్తకాల అచ్చుకు విరాళాలిచ్చే ప్రవాస సంఘాలు దీనికి పూనుకోవచ్చు.

అంతదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటుంది. అమెరికా క్విల్ట్ దుకాణాల్లో తరచూ ఇచ్చే సలహా ఇది: క్విల్ట్ వెనక మూల చిన్న గుడ్డముక్క కుట్టి, దాని మీద కుట్టినవారి పేరు, ఊరు, సంవత్సరం రాయాలి. ఈ వేసవిలో మీ ఇంటి డాబా మీద బొంత ఆరేసినప్పుడు ఒకసారి తిరగేసి చూడండి. కుట్టినామె ఇంకా ఉంటే అడిగి, లేకపోతే గుర్తున్నంత మేరకు, ఓ మూల తెలుగులో ఆ మూడు ముక్కలూ పెట్టండి. ఇంకుతో రాస్తే ఉతుకులో పోతుంది, దారంతో కుట్టండి.