దాతలను ఏమి అడగాలో ముందు మనం తేల్చుకోవాలి

సంక్రాంతి దగ్గరపడితే మన కల్లూరు, పెనుబల్లి, సత్తుపల్లి ఊళ్ళకు అమెరికా నుంచి పిల్లలు వస్తారు. వచ్చినవాళ్ళు ఊరికి ఏదైనా చేద్దామంటారు. బడికి బెంచీలు, కళ్ళ పరీక్షల శిబిరం, మంచినీళ్ళ ప్లాంటు, చదువుకునే పేద పిల్లలకు నాలుగు డబ్బులు. 1977లో మొదలైన తానా నుంచి నిన్నమొన్నటి చిన్న సంఘాల దాకా చేస్తున్నది ఇదే. వాళ్ళను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. సముద్రాలు దాటి పోయినవాడు కన్న ఊరిని మరిచిపోకపోవడం చిన్న విషయం కాదు. మా బాధ ఏమిటంటే, మీకేం కావాలని వాళ్ళు అడిగినప్పుడు మన దగ్గర జవాబు ఉండటం లేదు. నలుగురు పెద్దమనుషులు చెప్పిందే ఊరి మాట అవుతోంది. ఆ నలుగురిలో కౌలు రైతు ఉండడు. మిర్చి ఏరే ఆడకూలీ అసలే ఉండదు.

బయటివాళ్ళ సాయం ఎట్లా ఉంటే రైతు నిలబడతాడో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. మన పాత ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోనే పునుకుల ఉంది. పాతికేళ్ళ కింద ఆ ఊరి పరిస్థితి మనందరిదే. పత్తి వేస్తే మందు, మందుకు అప్పు, అప్పు ఇచ్చేది మందుల కొట్టే. పత్తి మళ్ళీ ఆ కొట్టుకే పోయాలి, ధర వాళ్ళు చెప్పిందే. మందు కొట్టి పడిపోయినవాళ్ళు కొందరు, అప్పు తీరక ఆ మందే తాగినవాళ్ళు కొందరు. అక్కడ పాల్వంచలోని సెక్యూర్ అనే చిన్న సంస్థ పని మొదలుపెట్టింది. దానికి వెనక అండ హైదరాబాదులోని సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ. అది బయటిదేశాల దాతల డబ్బు తెచ్చి ఇలాంటి చిన్న సంస్థలకు అందించేది.

వాళ్ళు ఎవరికీ నగదు పంచలేదు. పురుగు గుడ్డు ఎప్పుడు పెడుతుంది, ఏ దశలో ఏం తింటుంది అన్నది చేలో కూర్చొని చూపించారు. వేసవి దుక్కి, చేను చుట్టూ ఆముదం, మధ్యలో బంతి, లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలడానికి కర్రలు, వేపగింజల కషాయం, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయం. 5 కిలోల వేపగింజల పొడికి 100 లీటర్ల నీళ్ళు. ఇందులో కొనాల్సింది ఎంతని? మగవాళ్ళు మొదట నమ్మలేదు. పట్టుబట్టింది మహిళా సంఘాలు. గింజలు దంచే యంత్రం ఆ సంఘాల చేతికే ఇచ్చారు. 2004లో పునుకుల పంచాయతీ తమది పురుగుమందులు వాడని ఊరని తీర్మానం చేసింది. ఆ తర్వాత ప్రభుత్వమే సెర్ప్ ద్వారా, మహిళా సమాఖ్యల ద్వారా ఆ పద్ధతిని ఉమ్మడి రాష్ట్రంలో లక్షల ఎకరాలకు తీసుకుపోయింది.

తానా వాళ్ళు 'రైతు కోసం' పేరుతో మందు కొట్టే రైతులకు ముసుగు, చేతి తొడుగులు, కళ్ళజోడు ఉన్న కిట్లు పంచారు. మంచి పనే, మన మిర్చి చేలల్లో అవి అవసరమే. కానీ ఏప్రిల్ ఎండలో ఆ ముసుగు ఎంతసేపు ఉంచుకోగలమో అందరికీ తెలుసు. రెండో ఏటికి తొడుగు చిరుగుతుంది. పునుకులలో ఇచ్చిన తెలివిడి చిరగలేదు, మందు కొనే అవసరమే తగ్గించింది. రెంటికీ తేడా డబ్బులో లేదు. ఒకదానికి ఒక రోజు సభ చాలు. రెండోదానికి రెండు మూడేళ్ళు ప్రతి వారం ఊరికి వచ్చే మనిషి కావాలి. ఆ మనిషి జీతానికి డబ్బు ఇవ్వడానికే దాతలకు చెయ్యి రాదు. జీతానికి ఇస్తే ఫ్లెక్సీ మీద ఏం ఫొటో వేస్తారు మరి!

ఇంకో చిక్కు ఢిల్లీలో ఉంది. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. బయటి డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. పరిపాలన ఖర్చు 50 శాతం దాకా ఉండొచ్చన్నది 20కి దించారు. లెక్కలు గట్టిగా అడగాల్సిందే, దొంగ సంస్థలు లేవని మేము అనం. కానీ హైదరాబాదు నుంచి పాల్వంచకు, అక్కడి నుంచి పునుకులకు డబ్బు వచ్చిన తోవే ఇప్పుడు మూసుకుపోయింది. పెద్ద సంస్థలకూ గండం తప్పలేదు. అనంతపురంలో 1969 నుంచి విన్సెంట్ ఫెర్రర్ దంపతులు నిలబెట్టిన ఆర్డీటీకి స్పెయిన్ కుటుంబాలు నెలనెలా పంపే డబ్బే ఆధారం. 2025లో దాని అనుమతి రెన్యువల్ ఆగేసరికి ఆసుపత్రులు, బడులు ఏమవుతాయోనని జనం రోడ్డెక్కారు.

ఇక మన కళ్ళ ముందు ఉన్నవాళ్ళ సంగతి. ఏటా మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు, చేల గట్ల మీదే గుడారాలు. 2005లో సల్వాజుడుం మొదలైనాక పారిపోయి వచ్చిన గొత్తికోయలు అశ్వారావుపేట అవతల నుంచి భద్రాచలం దాకా అడవిలో గూడేలు కట్టుకున్నారు. ఇక్కడ వాళ్ళకు ఎస్టీ గుర్తింపు లేదు, పోడు పట్టా లేదు. చాలా గూడేల్లో తాగేది చెలమ నీళ్ళే. కొన్ని సంస్థలు దోమతెరలు, చిన్న బడులు ఇచ్చాయి, వాటి వల్లే కొందరు పిల్లలు బతికి చదువుకుంటున్నారు. మన మిర్చి బస్తా వాళ్ళ చేతుల మీదుగానే ఖమ్మం మార్కెట్‌కు పోతుంది. దాతల ముందు వాళ్ళ పేరు ఎత్తాల్సింది మనం కాక ఎవరు?

2024 సెప్టెంబర్ 1న మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు బియ్యం, దుప్పట్లు లారీల్లో వచ్చాయి. ఆ పూట అవే ప్రాణం నిలిపాయి. చేలల్లో మేటలు వేసిన ఇసుకను తీయడానికి మాత్రం ఏ లారీ రాలేదు. ప్రభుత్వం పంట నష్టానికి ఎకరాకు 10 వేలు ప్రకటించింది. కౌలు రైతుకు 2011 చట్టం ప్రకారం ఇవ్వాల్సిన కార్డు చేతిలో లేకపోతే తన నష్టం తనదని చూపించుకునేది ఎట్లా? ఇది ఏ దాత తీర్చేది కాదు. కార్డుల కోసం తహసీల్దారు ఆఫీసు ముందు కూర్చోవడం మన పనే. దానం వచ్చిందని ఆ కొట్లాట పక్కన పెట్టేది లేదు.

అందుకని ఈసారి ప్రతి గ్రామ శాఖ సంక్రాంతికి ముందే కూర్చొని ఒక కాగితం రాయాలి. కౌలు రైతులు, కూలీ ఆడవాళ్ళు లేకుండా ఆ మీటింగు పెట్టొద్దు. వచ్చిన డబ్బు, అయిన ఖర్చు గ్రామసభలో చదవాలన్నది అందులో మొదటి మాటగా ఉండాలి. మా వైపు నుంచి రెండు అడుగుతున్నాం. కల్లూరు మండలానికి వేపగింజలు దంచే యంత్రం ఒకటి, మహిళా సంఘం పేరు మీద. మూడేళ్ళ పాటు చేలల్లో తిరిగే మనిషి జీతం. వేపకాయలు రాలేది వేసవి చివర, తొలకరి ముందు. యంత్రం అప్పటికి ఊళ్ళో ఉండాలంటే కాగితం జనవరిలోనే వాళ్ళ చేతికి అందాలి.