ఎండదెబ్బ ఒక్కటే కాదు

వేసవిలో హైదరాబాదుకు సెంట్రింగ్ పనికి పోయిన మన పిల్లలు గొంతు మండుతోందనీ, రొమ్ము పట్టేసినట్టుందనీ అంటే మేస్త్రీ ఏమంటాడు? ఎండదెబ్బ, మజ్జిగ తాగమంటాడు. ఎండ సంగతి మేమూ కాదనం. కానీ ఆ ఎండలోనే కంటికి కనపడని విషం ఇంకోటి తయారవుతోంది. దాని పేరు ఓజోన్.

ఆకాశంలో ఎంతో ఎత్తున వుండి మనల్ని కాపాడే పొర కూడా ఓజోనే. బడిలో చెప్పేది దాని గురించే. మనం పీల్చే ఎత్తులో పుట్టేది మాత్రం ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. దీన్ని ఏ గొట్టమూ నేరుగా కక్కదు. కార్లు, లారీలు, జనరేటర్లు, ఫ్యాక్టరీలు వదిలే నైట్రోజన్ వాయువులు, పెట్రోలు ఆవిరి, రంగుల ఆవిరి ఎండలో కలిస్తే పుడుతుంది. అందుకే మధ్యాహ్నం ఎక్కువ. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ పొగ మీద 1950ల్లోనే శాస్త్రవేత్తలు ఈ గుట్టు విప్పారు.

మరి ఆ మధ్యాహ్నం ఎవరు ఎక్కడుంటారు? కారున్నవాడు అద్దాలెక్కించి ఏసీలో వుంటాడు. ఇటుకలు మోసేవాడు, రోడ్డు తవ్వేవాడు, బండి మీద కాయలమ్మే అమ్మ బయటుంటారు. బరువు మోసేవాడు కూర్చున్నవాడికంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు, అంత విషమూ పీలుస్తాడు. దగ్గు, ఆయాసం మొదలవుతాయి. ఉబ్బసమున్నోళ్లకి అది తిరగబెడుతుంది. ముక్కుకి కట్టుకునే గుడ్డ దుమ్మునాపుతుందేమో గానీ ఈ వాయువునాపదు. కార్లెవరివో, కూలి ఎవరిదో, ఏ వాడ నుంచి వచ్చారో మేము విడమర్చి చెప్పాలా?

పల్లెలో వున్నాం మాకేంటనుకోవద్దు. పట్నం నడిబొడ్డున వాహనాల పొగే కొంత ఓజోన్‌ను మింగేస్తుంది. గాలివాటున శివార్లకి, ఊళ్లకి వచ్చాక అది పెరుగుతుంది. వరి, సోయా ఆకుల్లో దూరి దిగుబడి కోస్తుంది. కౌలుదారు తెగులేమో అనుకుని మందు కొడతాడు, అప్పు పెరుగుతుంది.

సర్కారు 2009లో హద్దు రాసుకుంది: ఎనిమిది గంటల సగటు ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములు దాటకూడదని. 2019 నాటి జాతీయ స్వచ్ఛ గాలి పథకంలో మాత్రం లక్ష్యాలు ధూళికే పెట్టారు. రోడ్ల మీద నీళ్లు చల్లితే దుమ్మణుగుతుంది, ఓజోన్ అణగదు. సనత్‌నగర్‌లో, జూపార్కు దగ్గర కొలిచే యంత్రాలున్నాయి. ఆ అంకె లేబర్ అడ్డా మీద ఎవరు చెబుతారు?

మేమడిగేది ఇదీ. ఎండాకాలం పన్నెండు నుంచి నాలుగు దాకా బయటి పని ఆపాలి, ఆ గంటల కూలి కోయకూడదు. ఓజోన్ అంకె రోజూ తెలుగులో అడ్డాల మీద చెప్పాలి. బస్తీ దవాఖానాలో దగ్గుతో వచ్చినోళ్లని ఏం పని చేస్తారో అడిగి రాసుకోవాలి. ఈ మూడు మాటలూ వచ్చే ఎండాకాలం లోపే సంఘాలు ప్రతి అడ్డా మీదా పెట్టాలి.