ధూళిని గూర్చి ఒక విన్నపము

ఆషాఢపు గాలి లేచినంతనే తలుపులు మూసికొనుట అనంతపురము వారికి అలవాటు. కణేకల్లు, బొమ్మనహాళ్ ప్రాంతములలో హగరి ఒడ్డు ఇసుకను ఆ గాలియే పొలములలో దిబ్బలుగా పోయుచున్నది. దున్నిన నేలను ఇసుక కప్పివేసిన రైతుకు ధూళి యనిన విసుగు కలుగుట న్యాయమే. అయినను ధూళిని గూర్చి మన విద్యార్థులు తెలిసికొనవలసినది మరికొంత కలదని మా అభిప్రాయము.

అమావాస్య రాత్రి ఊరి దీపములకు దూరముగా నిలిచి చూచినచో పాలపుంత నడుమ నల్లని చీలిక కనబడును. అది శూన్యము కాదు, ధూళి. ముసలి నక్షత్రములు వెలిగ్రక్కిన రాతి రేణువులు, మసివంటి రేణువులు అచ్చట నిండియున్నవి. పొగకణములంత సన్నని యీ రేణువులు నీలికాంతిని ఎక్కువగా, ఎర్రకాంతిని తక్కువగా అడ్డగించును. కనుక వెనుకనున్న తార మసకబారి ఎర్రగా తోచును. 1930లో ట్రంప్లర్ నక్షత్రగుచ్ఛములను పరిశీలించి ఈ ధూళి ఉనికిని నిరూపించెను.

సర్పిలాకార గెలాక్సీలలో ధూళి పళ్లెమువంటి భాగముననే యుండునని తలచుట సహజము. కాని 2010లో మెనార్డ్, ఆయన సహచరులు సుమారు 85,000 క్వేసార్ల రంగులను పరీక్షించిరి. గెలాక్సీల చెంత కనబడు క్వేసార్లు రవంత ఎర్రబారియుండెను. ఆ ఎరుపు గెలాక్సీ అంచులు దాటి లక్షల కాంతిసంవత్సరముల దూరము వరకు కానవచ్చినది! పళ్లెములో నున్నంత ధూళి వెలుపలను కలదని వారి లెక్క. దానిని వెలుపలికి నెట్టునవి నక్షత్ర విస్ఫోటనములు, నక్షత్రకాంతి యొక్క ఒత్తిడి. హగరి ఒడ్డున గాలి చేయు పనిని అచ్చట వెలుగు కూడ చేయుచున్నదన్నమాట. వెలుపలి వేడివాయువులో మిక్కిలి చిన్న రేణువులు ముందుగా అరిగిపోవును.

ఇదంతయు పుస్తకములలో చదివి పరీక్ష వ్రాయుట చాలునా? చాలదని మేమందుము. వానలు కరవైన మన జిల్లాకు నిర్మలమైన రాత్రులు కొదువ లేదు. ఉర్దూ విభాగపు మిత్రులకు ఒక మాట: ఆండ్రోమెడా గెలాక్సీని చిన్న మబ్బుగా 964లో తన నక్షత్రగ్రంథమున పేర్కొన్నవాడు అబ్దుల్ రహమాన్ అల్ సూఫీ. ఇక హైదరాబాదులో నిజామియా వేధశాలకు మూలము, నవాబు జఫర్ జంగ్ సొంత ధనముతో ఇంగ్లండు నుండి తెప్పించిన టెలిస్కోపు.

మేము అంత పెద్దది అడుగుట లేదు. మేడపై నిలుపదగిన చిన్న టెలిస్కోపు, నెలకొక రాత్రి అనుమతి చాలును. అందులో ధూళిరేఖలు కనబడవు, మబ్బుతునక మాత్రమే కనబడును. ఆ మాట ముందే చెప్పుచున్నాము. కార్తికమున ఆండ్రోమెడా రాత్రి తొలిజామునకే ఉత్తరాకాశమున ఎత్తుగా నిలుచును. కమిటీవారు అంతలోగా నిర్ణయింప ప్రార్థన.