చూచుట – పలకరించుట

ఒక ఇంట కష్టము కలిగినదని తెలిసినప్పుడు ఇరుగుపొరుగువారు పలకరింపునకు పోవుదురు. ఆ మాటలో ఒక మర్యాద ఉన్నది. చూచుటకు కన్ను చాలును. పలకరించుటకు కూర్చుండవలెను, వినవలెను, ఇచ్చిన మంచినీళ్లు త్రాగవలెను. విదేశయాత్రలు సామాన్యములైన ఈ కాలమున ఈ రెండింటి భేదమును గూర్చి ఆలోచింపవలసి యున్నది.

పేదల వాడలను చూచివచ్చుట నేడు యాత్రలలో ఒక భాగమైనది. ఈ వేడుక కొత్తది కాదు. 1880ల నాడే లండను సంపన్నులు ఆ నగరపు తూర్పు పేటల దారిద్ర్యమును చూచుటకు బయలుదేరెడివారు. రియో నగరమున రోసిన్యా అను కొండవాడను 1990ల నుండి, బొంబాయిలోని ధారావిని 2000ల నడుమ నుండి రుసుము తీసికొని త్రిప్పి చూపువారు ఏర్పడిరి. ధారావిలో అట్టివారు కొందరు ఫోటోలు తీయరాదని నియమము పెట్టి, లాభములో కొంత అచటి ప్రజలకే వెచ్చించుచున్నారు. తోలుపని, కుండల పని, పాత ప్లాస్టిక్‌ను కరగించు పని కన్నులార చూచినవారికి పేదలు సోమరులను భ్రమ తొలగుననుట నిజమే. కనుక పోవుటయే తప్పనుట తొందరపాటు. కాని చూపబడు ఇంటివాని సమ్మతి నెవరడిగిరి?

ఈ ప్రశ్న కరీంనగరు, ఆదిలాబాదు సీమలకు దూరమైనది కాదు. బొంబాయిలోని కామాఠిపురకు ఆ పేరు వచ్చినది నిజాము రాజ్యము నుండి కూలికై వెళ్లిన తెలుగువారి వలననే. సిరిసిల్ల ప్రాంతపు నేతగాండ్రు భివండి మరమగ్గముల వద్దకు తరలిపోయిరి. తరువాత జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ పల్లెల యువకులు గల్ఫు దారి పట్టిరి. దుబాయి అంచున వేలకొలది కూలీలుండు చోటికి సోనాపూర్ అని వాడుక; బంగారు పురమని అర్థము. ఒకే గదిలో ఒకదానిపై నొకటిగా మంచములు. ఒక మంచము, ఒక పెట్టె – అచట ఒకని సంసారమంతయు అదే.

ఆ జిల్లాల నుండియే కలిగినవారు విహారమునకై దుబాయి పోవుచున్నారు. 2010లో తెరువబడిన 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా యెదుట ఫోటోలు దిగుచున్నారు. దానిని కట్టిన కూలీలలో పెక్కురు దక్షిణాసియా నుండి వలస వెళ్లినవారే. సోనాపూర్‌కు పోకుండుట ఉపేక్ష. పోయి కెమెరా ఎత్తుట అవమానము. ఈ చిక్కునకు విడుపు పలకరింపే. ఊరివానికి ముందుగా కబురంపి, అతనికి సెలవైన నాడు పోయి, తల్లి పంపిన సకినాల మూట అందించి, అతడు చెప్పినది విని, తిరిగి వచ్చి ఆ తల్లికి చెప్పినచో అది వినోదము కాదు, బంధుత్వము.

పరాయివాడును ఇట్లు బంధువు కాగలడనుటకు సాక్ష్యము ఆదిలాబాదు అడవిలోనే ఉన్నది. 1940లో జోడేఘాటున కొమురం భీము నేలకొరిగిన పిమ్మట, గోండుల స్థితిగతులను పరిశీలించుటకు నిజాము ప్రభుత్వము ఆస్ట్రియా పండితుడు హైమన్‌డార్ఫ్‌ను నియోగించెను. ఆయన భార్య బెట్టీతో మార్లవాయి గూడెములో గుడిసెలో నివసించెను. గోండుల భాష నేర్చెను. వారి పిల్లల బడులకు, వారి భూములకు పాటుపడెను. 1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉన్నది. 1995లో ఆయన మరణింపగా, 2012లో ఆయన చితాభస్మము ఆమె ప్రక్కకు చేరినది. ఆయనయు మొదట చూడవచ్చినవాడే. కాని చూచినదానికి బాధ్యత వహించినాడు.

విద్యార్థులను విహారయాత్రకు తీసికొనిపోవు ఉపాధ్యాయులు బయలుదేరుటకు ముందు వారినొక ప్రశ్న అడుగవచ్చును: చూడబోవు ఇంటివారు రేపు ఇట్లే గుంపుగా వచ్చి మన ఇల్లు చూచెదమన్నచో తలుపు తీయుదుమా? ఆ సీమల బడులలో గల్ఫు కూలీ బిడ్డ ఒకరైనను కూర్చుండని తరగతి అరుదు. పాఠము అచటి నుండియే ఆరంభము కావలెను – ఆ బిడ్డను చూపించి కాదు, పలకరించి.