ఎక్కాలు రాని ఆరో తరగతి

2024 డిసెంబరు 4న దేశంలోని 781 జిల్లాల్లో, 74,229 బడుల్లో, 21.15 లక్షల మంది పిల్లలు పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్ పరీక్ష రాశారు. రాసినవాళ్లు 3, 6, 9 తరగతుల పిల్లలు. ఫలితాలు 2025 జులైలో బయటికొచ్చాయి. కూడికలూ ఎక్కాలూ కనీసం పది దాకా తెలిసి, నాలుగు ప్రక్రియలనూ రోజువారీ లెక్కలకు వాడగలిగినవాళ్లు ఆరో తరగతిలో 53 శాతమేనని నివేదిక చెప్పింది. ఆ వార్త ఒకరోజు పత్రికల్లో కనిపించి మాయమైంది. బడుల విలీనం మీద, ఫీజుల మీద, మీడియం మీద రగిలిన చర్చలో పదో వంతు కూడా దీని మీద జరగలేదు.

ఆ పరీక్ష రాసిన ఆరో తరగతి పిల్లలెవరో ఒకసారి గుర్తు చేసుకోవాలి. వాళ్లు ఒకటో తరగతిలో చేరింది 2019లో. ఆ ఏడాది చదువు ముగియకుండానే, 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. రెండో తరగతి చాలావరకు ఇంట్లోనే, ఫోను ఉన్నవాళ్లకు ఫోనులో, లేనివాళ్లకు అదీ లేకుండా గడిచింది. మూడో తరగతికీ పూర్తి ఏడాది దక్కలేదు. ఎక్కాలు పిల్లల నోటికి పట్టేది సరిగ్గా ఆ రెండు తరగతుల్లోనే. పోయిన రెండేళ్ల చదువును తర్వాత ఎవరు, ఏ పీరియడులో, ఎలా పూడ్చారని అడిగితే మన విద్యాశాఖల దగ్గర సూటి జవాబు దొరకడం కష్టం.

అయితే తప్పంతా కరోనా మీదికి నెట్టేసి ఊరుకోవడానికి లేదు. ప్రథమ్ సంస్థ గ్రామాల్లో ఇంటింటికీ వెళ్లి చేసే అసర్ సర్వేలో, మహమ్మారికి ముందు 2018లోనే, ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్లు దేశం మొత్తం మీద 27.9 శాతం. 2022లో అది 25.6కు జారింది, 2024లో 30.7కు చేరింది. కోలుకున్నామని సంతోషించేవాళ్లు సంతోషించవచ్చు. అదే 2024 సర్వేలో ఎనిమిదో తరగతి లెక్క 45.8 శాతం. హైస్కూల్లో మూడో ఏడాదికి వచ్చాక కూడా సగం మందికి పైగా పిల్లలకు భాగహారం రాలేదు.

ఆ సర్వేలో అడిగేది పెద్ద లెక్కేమీ కాదు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించాలి, అంతే. 658ని 7తో భాగించమన్నామనుకోండి. ఎక్కం వచ్చిన పిల్ల 65 చూడగానే ఏడు తొమ్మిదులు అరవై మూడు అనుకుని, రెండు మిగిల్చి, ఎనిమిదిని కిందికి దించి, 28 కింద నాలుగో హెచ్చింపు రాసి ముగించేస్తుంది. ఎక్కం రాని పిల్ల నోటుబుక్కు అంచున గీతలు గీయడం మొదలుపెడుతుంది. ఏడు గీతలు, ఇంకో ఏడు, మరో ఏడు. గీతలు అయిపోతే వేళ్ల కణుపులు. అరవై మూడు దగ్గరికి వచ్చేసరికి ఎన్ని ఏడులు వేసిందో మరచిపోతుంది, లేదా ఎక్కడో ఒక గీత తప్పుతుంది. ఎనిమిదిని దించాలన్న సంగతి అప్పటికి తలలో ఉండదు. పేపరు దిద్దిన మాస్టారు ఆమెకు భాగహారం రాదని తేలుస్తారు. మళ్లీ భాగహారమే నేర్పుతారు. నిజానికి ఆమెకు భాగించే పద్ధతి తెలుసు, రానిది ఏడో ఎక్కం. రోగమొకటి, మందొకటి.

ఈ లోటు అక్కడితో ఆగదు. భిన్నాల్లో 42/56ను సూక్ష్మీకరించాలంటే 42, 56 రెండూ ఏడో ఎక్కంలో ఉన్నాయని చూడగానే తట్టాలి. 3/8, 5/6 కలపాలంటే ఎనిమిదికీ ఆరుకీ 24 దగ్గర కలయిక ఉందని తెలియాలి. క.సా.గు., గ.సా.భా., శాతాలు, నిష్పత్తులు, బీజగణితంలో కారణాంకాలు అన్నీ ఈ తట్టడం మీదే నడుస్తాయి. పది పన్నెండేళ్ల వయసులో భిన్నాలూ భాగహారమూ ఎంత తెలుసన్నదాన్ని బట్టి హైస్కూల్లో లెక్కలు ఎంత వస్తాయో అంచనా వేయవచ్చని రాబర్ట్ సీగ్లర్ బృందం అమెరికా, బ్రిటన్ పిల్లల సమాచారంతో 2012లో చూపించింది. తెలివితేటలు, ఇంటి ఆదాయం వంటి తేడాలను పక్కన పెట్టి చూసినా ఆ సంబంధం నిలిచింది. మన పదో తరగతి పరీక్ష హాల్లోకి క్యాలిక్యులేటర్ రానివ్వరు. కాబట్టి ఫోనుంది కదా అన్న ధీమా కూడా అక్కడ పనికిరాదు.

ఈ ప్రమాదం పైకి కనిపించదు, అందుకే ఎక్కువ భయపడాలి. గైడ్లూ, ముఖ్యమైన ప్రశ్నల జాబితాలూ, గ్రాఫులూ, ఖాయంగా వచ్చే లెక్కల బట్టీ కలిసి పదో తరగతి గట్టెక్కిస్తాయి. ఉత్తీర్ణతా శాతం చూసి అందరం చప్పట్లు కొడతాం. ఇంటర్‌లో లెక్కల గ్రూపు వదిలేసిన పిల్ల ఎప్పుడు, ఏ ఎక్కం దగ్గర జారిందో ఏ రికార్డులోనూ ఉండదు. లెక్కలంటే తనకు పడదని ఆమే నమ్మేస్తుంది, ఇంట్లోవాళ్లూ నమ్ముతారు.

ఒకప్పుడు సాయంత్రం బడి వదిలే ముందు ఎక్కాల చదువు ఉండేది. ఒక పిల్లవాడు నిలబడి చెబుతుంటే తక్కిన తరగతి గొంతు కలిపేది: ఏడు ఒకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు. ఇరవయ్యో ఎక్కం దాకా అప్పజెప్పనిదే ఇంటికి వెళ్లనివ్వని మాస్టార్లుండేవారు. పదహారో ఎక్కానికి అప్పట్లో పని కూడా ఉండేది. 1957 ఏప్రిల్‌లో దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు, అణాకు పన్నెండు పైలు. కొట్టులో కూర్చున్నవాడికి పదహారూ పన్నెండూ నోట్లో ఉండాల్సిందే. నాణేలు మారాక పదహారుకు ఆ అవసరం పోయింది, బడిలో చదువు మాత్రం కొన్నాళ్లు అలవాటుగా సాగింది.

తర్వాత ఆ చదువు మీద విమర్శ వచ్చింది. విమర్శలో న్యాయం లేకపోలేదు. వరసగా పాడగలిగిన పిల్లవాణ్ణి ఏడెనిమిదులెంతని హఠాత్తుగా అడిగితే, ఏడు ఒకట్ల నుంచి మొదలుపెట్టి లోలోపల గొణుక్కుంటూ రావాల్సిందే. ఏడు వరసల్లో ఎనిమిదేసి చింతపిక్కలు పేర్చమంటే తెల్లమొహం వేసేవాడు. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బట్టీ పద్ధతి నుంచి చదువును తప్పించాలని గట్టిగా చెప్పింది. ఆ మాట తప్పు కాదు. బడులు దాన్ని అందుకున్న తీరులోనే తప్పు జరిగింది. సాయంత్రపు ఎక్కాలు ఆగిపోయాయి, వాటి చోట రావాల్సిన సాధన మాత్రం రాలేదు. అర్థం చేయించిన తర్వాత నోటికి పట్టించే పని ఎవరి ఖాతాలోనూ లేకుండా పోయింది. ప్రాథమిక బడిలో సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ) రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టి చెబుతుంటారు. హైస్కూల్లో లెక్కల స్కూల్ అసిస్టెంట్ ముందు సిలబస్ కొండలా ఉంటుంది, ఎక్కాలు కింది తరగతుల్లోనే వచ్చి ఉండాలని ఆయన అనుకోవడం సహజం. ఈ ఇద్దరి మధ్య పిల్లవాడు జారిపోతాడు.

ప్రైవేటు బడుల్లో ఇదే జబ్బు తలకిందులుగా ఉంది. ఐదేళ్ల పిల్లతో పన్నెండో ఎక్కం చెప్పించి, వార్షికోత్సవంలో మైకు ముందు నిలబెడతారు. తల్లిదండ్రులు వీడియో తీసుకుంటారు. ఆ పాపకు పన్నెండు గుంపులంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాల్సిన వయసూ కాదు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు 2025లో నేచర్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. ఢిల్లీ, కోల్‌కతా సంతల్లో సరుకులమ్మే పిల్లలు చిక్కు లెక్కలను తలలోనే చేస్తారు, బడి రూపంలో రాసిస్తే తడబడతారు. బడి పిల్లలు రాత లెక్కల్లో మెరుగు, అంగడి లెక్కల్లో వెనకబాటు. నోటికొచ్చినదీ చేతికొచ్చినదీ వేటికవిగా మిగిలిపోతున్నాయి. వాటిని కలపాల్సింది బడే.

చేయాల్సిన పని అంత పెద్దదేమీ కాదు, అందుకే నిర్లక్ష్యానికి సాకు లేదు. రెండు నుంచి తొమ్మిది వరకు ఎక్కాల్లో 64 హెచ్చింపులున్నాయి. ఆరేళ్ళన్నా ఏడారులన్నా నలభై రెండేనని పిల్లలకు తెలిస్తే అవి 36కు తగ్గుతాయి. రెండో ఎక్కం అంటే రెట్టింపు, ఐదో ఎక్కం సున్నాకూ ఐదుకూ మధ్య తిరుగుతుంది, వాటిని తీసేస్తే మిగిలేవి 21. తొమ్మిదో ఎక్కంలో జవాబు అంకెలు కలిపితే తొమ్మిదే వస్తుంది, పదుల స్థానం హెచ్చించే అంకె కంటే ఒకటి తక్కువ. అదీ పట్టుబడితే నిజంగా కష్టపెట్టేవి పదిహేనే. ఆరేళ్ళు, ఆరెనిమిదులు, ఏడెనిమిదులు లాంటి మొండివన్నీ అందులోనే ఉంటాయి. వారానికి రెండు తీసుకున్నా రెండు నెలల పని. ముందు పిక్కలతోనో, గళ్ల కాగితంతోనో వరసలు పేర్చి చూపించాలి. తర్వాత వరస తప్పించి అడగాలి, అటు నుంచి కూడా అడగాలి: యాభై ఆరులో ఎన్ని ఎనిమిదులు? ఇలా రోజూ పది నిమిషాలు, నిన్నటివి నేడూ పోయినవారానివి ఈవారమూ మళ్లీ తడుముతూ సాగాలి. ఆదివారం గంటసేపు కూర్చోబెట్టి రుద్దితే సోమవారానికి ఉంటుంది, దసరా సెలవుల తర్వాత ఉండదు.

ఇంట్లో చదువు రాని తల్లి కూడా ఈ పని చేయించగలదు. నోటుబుక్కు వెనక అట్ట మీద ఎక్కాలు అచ్చువేసే ఉంటాయి. తమ్ముణ్ణి చూసి అడగమంటే చాలు, అక్క చెబుతుంది.

ఇక్కడ రెండో ప్రమాదం పొంచి ఉంది. ఎక్కాలు రావడం లేదన్న గోల పెరిగితే, మనకు తెలిసిన మొదటి మందు భయం. గోడకుర్చీ, గుంజీలు, తరగతి ముందు నిలబెట్టి నవ్వులపాలు చేయడం. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననూ మానసిక వేధింపునూ నిషేధించింది, చాలా బడుల్లో ఆ సెక్షన్ ఆఫీసు గది దాటి రాదు. భయపడిన పిల్లవాడి తల నిండా ఆ భయమే ఉంటుంది, ఏడెనిమిదులకు చోటుండదు. ఇంగ్లండులో నాలుగో ఏడాది పిల్లలందరికీ 2022 నుంచి ఎక్కాల పరీక్ష తప్పనిసరి చేశారు. కంప్యూటరు మీద 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఆరు సెకన్లు. 2022లో 27 శాతం పిల్లలకు 25కు 25 వస్తే, 2024లో 34 శాతానికి వచ్చాయి. ఆరు సెకన్ల గడువు అక్కడా విమర్శకు గురైంది, ఇక్కడికి తేనక్కర్లేదు. కానీ ఆ పరీక్షకు ఉత్తీర్ణతా మార్కు లేదు. ఎవరికి ఏది రాలేదో టీచరుకు తెలియడమే దాని పని. మన దగ్గర అలాంటి పరీక్ష పెడితే మర్నాటికి మండలాల వారీ ర్యాంకులు తయారవుతాయన్నది మన భయం.

మీడియం సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. తెలంగాణలో ప్రభుత్వ బడులు 2022–23 నుంచి ఇంగ్లీషు మీడియంలోకి వెళ్లాయి, ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే ఆ ప్రయత్నం మొదలైంది. ఫలితంగా ఒకే పిల్ల రెండో తరగతిలో ఏడు రెళ్ళు పద్నాలుగు అనీ, మూడో తరగతిలో సెవెన్ టూస్ ఆర్ ఫోర్టీన్ అనీ అనాల్సి వస్తోంది. 1999లో సైన్స్ పత్రికలో వచ్చిన స్టానిస్లాస్ దహేన్, ఎలిజబెత్ స్పెల్కీ బృందం అధ్యయనంలో, రష్యన్, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్లు ఒక భాషలో సాధన చేసిన కచ్చితమైన లెక్కలకు రెండో భాషలో జవాబివ్వడానికి ఎక్కువసేపు తీసుకున్నారు. ఎక్కం చెవికీ నాలుకకూ పట్టేది, భాష మారితే కొంత మళ్లీ నేర్చుకోవాల్సిందే. మీడియం ఏదైనా కానీ, ఎక్కాలు ఒక భాషలో గట్టిపడేదాకా రెండోది ముట్టుకోకూడదు. ఇంట్లో అడిగేవాళ్లది తెలుగైనప్పుడు ఆ మొదటి భాష తెలుగే కావడం మేలని మా అభిప్రాయం. దీని మీద టీచర్లకు స్పష్టమైన మాట చెప్పాలి.

కేంద్రం 2021 జులైలో నిపుణ్ భారత్ ప్రకటించి, మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డకూ చదవడం, లెక్క రావాలని, అందుకు 2026–27 గడువని చెప్పింది. తెలంగాణ 2022లో తొలిమెట్టు మొదలుపెట్టింది. ఇవి కింది తరగతుల కోసం, అవసరమైనవే. కానీ 2024లో పరఖ్ పరీక్ష రాసిన ఆరో తరగతి పిల్లలు అప్పటికే ఆ మెట్టు దాటి వచ్చేశారు. వాళ్లు 2029 మార్చిలో పదో తరగతి పరీక్ష రాస్తారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో లెక్కల పీరియడు మొదటి పది నిమిషాలు సిలబస్‌కు బాకీ లేకుండా ఎక్కాలకు ఇవ్వాలని ఇప్పుడే ఉత్తర్వు రావాలి. ఎవరికి ఏ హెచ్చింపు రాలేదో టీచరు తన సొంత నోటుబుక్కులో రాసుకోవాలి, పైకి పంపనక్కర్లేదు. ఆ పది నిమిషాలకూ ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాలన్న షరతు పెడితే, సిగ్నలు దొరికే మూల వెతుక్కోవడంలోనే సగం గడిచిపోతుంది. అలాంటి ఉత్తర్వు ఇవ్వకపోవడమే నయం.